పికప్‌కు రెండో డీజిల్ ట్యాంకు: బిగించే ముందు తేల్చుకోవలసిన సంగతులు

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి అడుగుపెట్టగానే డీజిల్ ధర తగ్గుతుందన్న సంగతి శ్రీకాకుళం జిల్లాలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. పన్ను శాతాలు చూస్తే ఇది వింతగా తోస్తుంది, ఎందుకంటే శాతం మన దగ్గరే తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్‌పై వ్యాట్ 22.25 శాతం కాగా, ఒడిశాలో 2021 నవంబరులో తగ్గించిన తరువాత అది 24 శాతం. అయితే మన రాష్ట్రంలో ఈ శాతం మీద లీటరుకు 4 రూపాయల వ్యాట్, మరో రూపాయి రోడ్డు అభివృద్ధి సెస్సు అదనంగా పడతాయి. తేడా అక్కడ పుడుతోంది. ఉద్దానం కొబ్బరి, పనస, పలాస జీడిపప్పు వేసుకుని బరంపురం వైపు వెళ్లే పికప్ యజమానులకూ, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్లివచ్చే వారికీ బండికి ఇంకో ట్యాంకు ఉంటే బాగుండునన్న ఆలోచన రావడంలో ఆశ్చర్యం లేదు. విజయనగరం నుంచి సాలూరు ఘాట్ రోడ్డెక్కి కొరాపుట్ వెళ్లే వారి ఆలోచన మరొకటి. వారికి ధర కంటే, కొండదారిలో అర్ధరాత్రి బంకు కోసం వెతుక్కోకుండా ఉండడం ముఖ్యం.

ట్యాంకు చేయించడం కష్టమేమీ కాదు. హైవే పక్కన ఏ వెల్డింగ్ షెడ్డులో అడిగినా కొలతలు తీసుకుని చేసిపెడతారు. ఆ ట్యాంకులోని డీజిల్ ఇంజనుకు ఏ దారిన చేరుతుంది, ఇంజను వాడుకోగా మిగిలింది ఎటు తిరిగి వస్తుంది, ఖాళీ అవుతున్న ట్యాంకులోకి గాలి ఎలా వెళుతుంది అన్న మూడు ప్రశ్నల్లో అసలు చిక్కు ఉంది. వీటికి సరైన జవాబు లేకుండా బిగించిన ట్యాంకు, ఎంత అందంగా వెల్డింగ్ చేసినదైనా, బండిని దారి మధ్యలో నిలబెడుతుంది. ఇది చాలదన్నట్టు రెండు చట్టాలు ఈ ట్యాంకును రెండు వేర్వేరు కోణాల నుంచి చూస్తాయి.

ముందు అవసరం సంగతి చూద్దాం. మన ప్రాంతంలో ఎక్కువగా తిరిగే బొలెరో పికప్, టాటా యోధ తరగతి బండ్ల ట్యాంకుల్లో స్థూలంగా 45 నుంచి 60 లీటర్ల వరకు పడుతుంది. లోడుతో లీటరుకు 12 కిలోమీటర్లు వస్తుందనుకుంటే 55 లీటర్లతో 660 కిలోమీటర్లు తిరగవచ్చు. అంటే శ్రీకాకుళంలో ట్యాంకు ఫుల్ చేయించిన బండి భువనేశ్వర్‌లో సరుకు దింపి, తిరుగు దారిలో చాలా దూరం బంకు ముఖం చూడకుండానే వచ్చేయగలదు. పైగా 16వ నంబరు జాతీయ రహదారి మీద బంకులకు కొదవ లేదు.

ఇక ధర తేడా. లీటరుకు 4 రూపాయలు మిగులుతాయనుకుంటే 100 లీటర్లకు మిగిలేది 400 రూపాయలు. లీటరు డీజిల్ బరువు సుమారు 830 గ్రాములు గనుక 100 లీటర్లు 83 కిలోలు తూగుతాయి. ట్యాంకు, పట్టీలు, పంపు, పైపులు కలిపి ఇంకో పాతిక ముప్ఫై కిలోలు అవుతాయి. పలాస, ఉద్దానం ప్రాంతాల్లో జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. నిండు ట్యాంకు అంటే ఒక బస్తాకు పైబడిన బరువును ప్రతి ట్రిప్పులోనూ కిరాయి లేకుండా మోయడమే. ఒడిశా నుంచి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు నింపుకుంటే నష్టమేముందని అడగవచ్చు గానీ, మర్నాడు లోడు ఎత్తే సమయానికి ఆ డీజిల్‌లో ఎక్కువ భాగం బండిలోనే ఉంటుంది. అంచు వరకు లోడు ఎత్తే అలవాటున్న బండికి ఆ బరువే పరిమితి దాటిస్తే, మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా, దానిపై అదనపు టన్నుకు 2,000 రూపాయల చొప్పున పడుతుంది. కేవలం ధర తేడా కోసమైతే పికప్‌కు రెండో ట్యాంకు గిట్టదన్నది నా అభిప్రాయం.

గిట్టే సందర్భాలు వేరే ఉన్నాయి. ఏజెన్సీ లోపలి ఊళ్లకు రోజూ సరుకు చేరవేసే బండి, ఘాట్ మీదుగా ఛత్తీస్‌గఢ్ దాకా వెళ్లే బండి, విపత్తు సమయంలో తిరగవలసిన బండి ఆ కోవలోకి వస్తాయి. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతంలో తీరం దాటిన తరువాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బంకులో పంపు ఆడాలన్నా జనరేటరే దిక్కు. నీళ్లూ బియ్యమూ మోసే బండికి అప్పుడు మరో 60 లీటర్లు ఉంటే దాని విలువ రూపాయల్లో కట్టలేము.

డీజిల్ నడిచే దారి

ఇప్పటి డీజిల్ ఇంజన్లలో ఇంధనం ఒకే దిశలో ప్రయాణించదు. ట్యాంకు అడుగు దాకా దిగిన పైపు డీజిల్‌ను పీల్చుకుంటుంది. అది నీటిని వేరుచేసే ఫిల్టరును దాటి హై ప్రెషర్ పంపులోకి, అక్కడి నుంచి ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే కామన్ రైల్ అనే గొట్టంలోకి చేరుతుంది. ఆ రైల్‌లో ఒత్తిడి 1,600 బార్ స్థాయిలో, కొన్ని ఇంజన్లలో ఇంకా పైన ఉంటుంది. కారు టైరులో మనం పట్టించే గాలి రెండు బార్లకు కాస్త ఎక్కువ. పంపుకు చేరిన డీజిలంతా మండదు. కొంత భాగం పంపును చల్లబరచి, దాని లోపలి భాగాలు అరగకుండా జారుడునిచ్చి, తాను వేడెక్కి, రిటర్న్ పైపు ద్వారా మళ్లీ ట్యాంకులోకి వచ్చి పడుతుంది. పాత ఇంజన్లకు అలవాటుపడిన వారు ఈ రిటర్న్ పైపును చిన్న విషయంగా తీసుకుంటారు గానీ, రెండో ట్యాంకు విషయంలో ఎక్కువ తప్పులు దాని దగ్గరే జరుగుతాయి.

రెండు ట్యాంకులనూ నేరుగా ఇంజనుకు కలిపి, మధ్యలో ఒక వాల్వు పెట్టి, కావలసినప్పుడు దీని నుంచి దానికి మార్చుకునే పద్ధతి ఒకటి ఉంది. విదేశాల్లో తయారీదారులే రెండు ట్యాంకులతో అమ్మే బండ్లున్నాయి. ఆస్ట్రేలియాలో టయోటా ల్యాండ్ క్రూయిజర్ ట్రూప్ క్యారియర్ రెండు 90 లీటర్ల ట్యాంకులతో చాలాకాలం పాటు వచ్చింది. తయారీదారు అమర్చినప్పుడు డీజిల్ వెళ్లే పైపుతో పాటు రిటర్న్ పైపు కూడా అదే సమయానికి మారేలా, గేజీ కూడా తదనుగుణంగా చూపేలా అమర్చుతారు. షెడ్డులో చేసినప్పుడు సాధారణంగా వెళ్లే పైపుకు మాత్రమే వాల్వు పెట్టి, రిటర్న్‌ను పాత ట్యాంకుకే వదిలేస్తారు. అప్పుడు బండి రెండో ట్యాంకు నుంచి తాగుతూ మిగిలినదాన్ని మొదటి ట్యాంకులో పోస్తూ ఉంటుంది. మొదటిది అప్పటికే నిండుగా ఉంటే మూత దగ్గర నుంచి డీజిల్ కారి రోడ్డు మీద పడుతుంది. వెనక వచ్చే బైకు జారిపడడానికి ఆ తడి చాలు. రెండో ట్యాంకు మాత్రం అనుకున్నదాని కంటే ముందే ఖాళీ అవుతుంది.

ఈ పద్ధతిలో ఇంకో ప్రమాదం గాలి పట్టడం. ఖాళీ ట్యాంకు వైపు వాల్వు తిరిగి ఉండిపోతే, లేదా వాల్వు సీలు కొద్దిగా అరిగినా, లైనులోకి గాలి దూరుతుంది. ఇంజను ఆగిపోతుంది. పాత బండ్లలో ప్రైమింగ్ పంపు నొక్కి, నట్టు వదులు చేసి, నురగ పోయేదాకా చూసి బిగిస్తే బండి కదిలేది. కామన్ రైల్ బండిలో రైల్ వైపు పైపులను అలా విప్పకూడదు, ఎందుకంటే ఆ ఒత్తిడిలో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైగా డీజిల్‌తోనే జారుడు పొందే హై ప్రెషర్ పంపు గాలితో తిరిగితే అరిగిపోతుంది. అందువల్ల ట్యాంకుకూ పంపుకూ మధ్య ఉన్న అసలు లైనును కోయవద్దని గట్టిగా చెబుతాను. రెండో ట్యాంకు మొదటి ట్యాంకును నింపాలి తప్ప ఇంజనును కాదు.

అలా నింపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండో ట్యాంకును ఎత్తులో పెట్టి, మొదటి ట్యాంకులో డీజిల్ పోసే రబ్బరు గొట్టానికి కలిపి, డీజిల్ తనంతట తాను దిగేలా చేయడం. మోటారు లేదు, వైరు లేదు గనుక ఇది చౌక. అయితే ఎత్తులో ఉన్న డీజిల్ ఒత్తిడి అంతా కింది ట్యాంకు మూత మీదా గాలిగొట్టం మీదా పడుతుంది. మూత రబ్బరు ఎండి పగిలి ఉంటే పై ట్యాంకులోని డీజిలంతా రాత్రికి రాత్రే నేలపాలవుతుంది. ప్రమాదంలో గొట్టం తెగితే దానిని ఆపేది ఏదీ ఉండదు. బంకులో కింది ట్యాంకు నింపేటప్పుడు డీజిల్ ఎదురు తన్నకుండా నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి, బండి ఆపినప్పుడు కట్టేయడానికి కాక్ ఉండాలి. ఈ రెండూ పెట్టేసరికి చౌకదనం కొంత తగ్గుతుంది కూడా.

రెండో దారి 12 వోల్టుల చిన్న పంపుతో ఎత్తిపోయడం. నాకు ఇదే సమ్మతం. ట్యాంకు పైభాగం నుంచే పైపు తీస్తారు గనుక పైపు తెగినప్పుడు డీజిల్ కారిపోయే ప్రమాదం తగ్గుతుంది. ఇంజను నడుస్తున్నప్పుడే పంపు ఆడేలా రిలే, బ్యాటరీకి దగ్గరలో ఫ్యూజు, డ్రైవరుకు కనబడే చోట స్విచ్చు, పక్కన వెలిగే చిన్న దీపం ఉండాలి. పంపు నిమిషానికి రెండు లీటర్లు ఎత్తేదైతే 40 లీటర్లకు 20 నిమిషాలు పడుతుంది. డ్రైవరు మర్చిపోతాడన్న భయం న్యాయమైనదే గనుక, మొదటి ట్యాంకు నిండగానే పంపును ఆపే ఫ్లోటు స్విచ్చును తప్పనిసరి అనుకోవాలి, కనీసం టైమరైనా పెట్టాలి. ఈ అమరికలో డ్యాష్‌బోర్డు గేజీ అబద్ధం చెప్పదు, ఎందుకంటే ఇంజను తాగేది ఎప్పుడూ మొదటి ట్యాంకు నుంచే. పంపు పాడైతే బండి మామూలు బండిలా నడుస్తుంది, అంతే.

గాలి మాట ఎవరూ సరిగా పట్టించుకోరు. లీటరు డీజిల్ బయటికి వెళితే లీటరు గాలి లోపలికి రావాలి. గాలిరంధ్రం దుమ్ముతో మూసుకుంటే పంపు గుంజుకోలేక వేడెక్కుతుంది, పల్చటి రేకు ట్యాంకు లోపలికి సొట్టబోతుంది. ఎండకు డీజిల్ వ్యాకోచిస్తుంది కూడా. డిగ్రీకి దాదాపు 0.08 శాతం చొప్పున, తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర నింపిన 100 లీటర్లు మే నెల మధ్యాహ్నం ట్యాంకు 45 డిగ్రీలకు వేడెక్కేసరికి లీటరున్నర పైన పెరుగుతాయి. అమెరికాలో వాణిజ్య వాహనాల ట్యాంకును దాని సామర్థ్యంలో 95 శాతానికి మించి నింపడానికి వీల్లేకుండా తయారు చేయాలన్న నిబంధన ఉండడానికి కారణం ఇదే. గాలిగొట్టాన్ని ట్యాంకు కంటే పైకి లేపి, వంచి, సైలెన్సరుకు దూరంగా కిందికి వదలాలి. బండి బోల్తాపడితే మూసుకునే వాల్వు దానికి ఉండాలి.

రేకు, నీరు, బిగింపు

జస్తా పూత ఉన్న జీఐ రేకు తుప్పు పట్టదన్న నమ్మకంతో చాలామంది దానితోనే ట్యాంకు చేయమంటారు. నీళ్లకు అది మంచిదే గానీ డీజిల్‌కు పనికిరాదు. డీజిల్‌లోని ఆమ్లాలతో జస్తా కలిసి సబ్బు వంటి పదార్థం ఏర్పడుతుంది, అది ఫిల్టరును దాటిపోయి, ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మొనల దగ్గర పేరుకుంటుంది. రాగి పైపులు, ఇత్తడి కాక్‌లు డీజిల్ త్వరగా చెడిపోవడానికి తోడ్పడతాయి. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం లక్ష్యంగా పెట్టుకుంది, బయోడీజిల్ పాలు పెరిగే కొద్దీ ఈ లోహాలతో తంటా ఎక్కువవుతుంది. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు, లోపల రంగు వేయని మామూలు ఇనుము, ఇంధనం కోసమే పోతపోసిన మందపాటి ప్లాస్టిక్ ట్యాంకు తగినవి. పాత డీజిల్ డ్రమ్మును కోసి ట్యాంకుగా మలిచే పని మాత్రం ఎవరికీ అప్పగించకూడదు. ఖాళీగా కనిపించే డ్రమ్ములో మిగిలిన ఆవిరి వెల్డింగ్ వేడికి పేలి ప్రాణాలు తీస్తుంది.

కొత్త ట్యాంకును బిగించే ముందు రంధ్రాలన్నీ మూసి, 0.2 బార్‌కు మించకుండా గాలి పట్టించి, అతుకుల మీద సబ్బు నురగ పూసి చూడాలి. కంటికి ఆనని సందు కూడా అక్కడ బుడగై లేస్తుంది.

మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి ఆ తేమ రేకుల లోపలివైపు చెమర్చి డీజిల్ కిందికి చేరుతుంది. నెలల తరబడి వాడని ట్యాంకు అడుగు నుంచి ఒక గాజు సీసాలోకి పట్టి చూస్తే విషయం కళ్లకు కడుతుంది. పైన పసుపురంగు డీజిల్, అడుగున తేటనీరు, రెండింటి మధ్య వేలితో తీస్తే జిగటగా సాగే నల్లటి పొర కనిపిస్తాయి. ఆ పొర నీరూ డీజిలూ కలిసే చోట పెరిగే సూక్ష్మజీవులది. పంపు దాన్ని మొదటి ట్యాంకులోకి తోసిందంటే ఫిల్టరు ఒక్క ట్రిప్పులో మూసుకుపోతుంది. అందుకే ట్యాంకు అడుగును కొద్దిగా ఏటవాలుగా చేయించి, పల్లపు చివర నీరు తీసే బిరడా పెట్టించాలి, ఎత్తిపోసే పైపును ఆ పల్లానికి కొంచెం పైనే ఆపాలి. పంపుకు ముందు వేరే ఫిల్టరు ఉండాలి. రెండో ట్యాంకులోని డీజిల్‌ను అవసరం వచ్చేదాకా దాచకుండా నెలకొకసారైనా వాడి కొత్తది పోసుకోవాలి.

ట్యాంకు ఉండవలసిన చోటు క్యాబిన్ వెనక, వెనక ఇరుసుకు ముందు. ఇరుసు దాటి వెనక పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి, ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ తేలిపోతుంది. బోల్టులు బాడీ రేకును పట్టుకుంటే చాలదు, ఛాసిస్ దాకా దిగాలి. బ్రేకు వేసినప్పుడు 80 కిలోల ద్రవం ముందుకు పరుగెత్తుతుంది, రేకు ఆ దెబ్బను ఎన్నాళ్లో ఆపలేదు. లోపల రంధ్రాలున్న అడ్డరేకులు ఉంటే ఆ పరుగు విరుగుతుంది. సాలూరు దాటాక వచ్చే మలుపుల్లో సగం నిండిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ఎక్కువ ఊగుతుందని, అడ్డరేకులు లేని ట్యాంకుతో నడిపిన ఏ డ్రైవరైనా చెబుతాడు. బండి కింద వేలాడదీసేవారు సైలెన్సరు దూరం చూసుకోవాలి. పొగలోని మసిని పట్టే వడపోత (డీపీఎఫ్) ఉన్న బీఎస్-6 బండ్లలో అది తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు 550, 600 డిగ్రీల వేడి పుడుతుంది.

చట్టం రెండు వైపుల నుంచి

1934 నాటి పెట్రోలియం చట్టం డీజిల్‌ను బీ తరగతి కింద చూస్తుంది. బండికి అమర్చిన ఇంధన ట్యాంకులోని పెట్రోలియంకు లైసెన్సు అక్కరలేదని దాని 9వ సెక్షన్ చెబుతుంది. 7వ సెక్షన్ ప్రకారం, ఒక చోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు మించకుండా ఉంటే బీ తరగతి పెట్రోలియం రవాణాకూ నిల్వకూ లైసెన్సు అవసరం లేదు. అంటే ఈ చట్టం దృష్టిలో 100 లీటర్ల రెండో ట్యాంకు పెద్ద విషయమే కాదు, అది బండికి అమర్చినదైతే ఇంకా మేలు.

మోటారు వాహనాల చట్టం ప్రశ్న వేరు. దానికి లోపల ఎంత డీజిల్ ఉందన్నది కాక, ఆ ట్యాంకును అమర్చడానికి ఎవరు ఒప్పుకున్నారన్నది ముఖ్యం. తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారేలా బండిని మార్చరాదని 52వ సెక్షన్ అంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీనిని గట్టిగానే చదివింది. ఆర్సీలో డీజిల్ ట్యాంకు సామర్థ్యానికి గడి లేదు గనుక ఇది మార్పే కాదని వాదించేవారున్నారు. అయితే ఆర్సీలో ఖాళీ బరువు ఉంటుంది, ఛాసిస్‌కు బోల్టులతో బిగించిన ట్యాంకుతో ఆ బరువు మారుతుంది. అనుమతి లేని మార్పుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగినప్పుడు బీమా సర్వేయరు మొదట చూసేది ఇలాంటి మార్పులనే, కొత్త బండికైతే వారంటీ కూడా పోతుంది. కాబట్టి ముందుగా డీలరును లిఖితపూర్వకంగా అడిగి, ఆర్టీవో ఆఫీసు ఆమోదం తీసుకుని, బీమా కంపెనీకి తెలియజేసిన తరువాతే షెడ్డుకు వెళ్లాలి. అనుమతి దొరకకపోతే ఆ ఆలోచన మానుకోవాలి.

ఇంకో తేడా కూడా గమనించాలి. టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లోని యంత్రాలకు గానీ, తీరంలోని మరబోట్లకు గానీ పోయడానికి డీజిల్ మోసే పికప్‌ది ఈ వ్యవహారం కాదు. ఆ డీజిల్ సరుకు. అది ఉన్న ట్యాంకు నుంచి బండి ఇంజనుకు పైపు ఉండకూడదు, బండి ట్యాంకు పేరు చెప్పి 9వ సెక్షన్ మినహాయింపు అడగడానికీ వీల్లేదు. ఒకే ట్యాంకుతో రెండు పనులూ కానిద్దామనుకునేవారు రెండు నిబంధనల కిందా దొరికిపోతారు.

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు వరకు రెండేళ్లకోసారి, ఆ తరువాత ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించే రోజు ట్యాంకు దింపేసి, మర్నాడు మళ్లీ బిగించుకునే వారున్నారు. అలా విప్పిన ప్రతిసారీ గొట్టాల క్లిప్పులు వదులవుతాయి, మూయని పైపులోకి దుమ్ము చేరుతుంది, బోల్టు రంధ్రాలు పెద్దవవుతాయి. ఆ తరువాత ప్రమాదం జరిగితే, ఎఫ్‌సీ నాడు లేని ట్యాంకు ఈనాడు ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు యజమాని దగ్గర కాగితం ఉండదు.